2030 విద్యా లక్ష్యాలు: దేశం ఎంత దూరం వచ్చింది? ఖరిదా తెలుగు పిల్లల లెక్క ఎక్కడ?

అందరికీ నాణ్యమైన విద్య అందించాలని ప్రపంచ దేశాలు పెట్టుకున్న గడువు 2030. ఆ గడువు సమీపిస్తున్న వేళ భారతదేశం సాధించిన పురోగతిని మదింపు చేస్తే రెండు విషయాలు స్పష్టమవుతాయి. ప్రాథమిక దశలో పిల్లలను బడికి చేర్చడంలో దేశం దాదాపు విజయం సాధించింది. చేరిన పిల్లలకు చదవడం, రాయడం, లెక్కించడం నేర్పడంలోనూ, వారిని 12వ తరగతి వరకు నిలపడంలోనూ సాధించవలసింది ఇంకా చాలా ఉంది.

ఈ రెండో లోటుకు కారణాలు అనేకం. వాటిలో తగినంత చర్చకు రానిది ఇంటి భాషకూ బడి భాషకూ మధ్య ఉన్న దూరం. ఆ దూరాన్ని అర్థం చేసుకోవడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం, అందులో తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఖరిదా ప్రాంతం మంచి ఉదాహరణ. జాతీయ సగటు అంకెలు ఎంత మెరుగుపడినా, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లల పరిస్థితి ఆ అంకెల్లో విడిగా కనిపించదు. 2030 తర్వాతి ప్రాధాన్యాలను నిర్ణయించుకునే ముందు ఈ లోటును పరిశీలించడం అవసరం.

లక్ష్యాలు రూపొందిన క్రమం

అందరికీ విద్య అనే అంతర్జాతీయ సంకల్పానికి 1990 మార్చిలో థాయిలాండ్‌లోని జోమ్‌తియెన్‌లో జరిగిన ప్రపంచ మహాసభ నాంది పలికింది. జనాభా అధికంగా ఉన్న 9 వర్ధమాన దేశాలు 1993 డిసెంబరులో న్యూఢిల్లీలో సమావేశమై ఆ సంకల్పాన్ని పునరుద్ఘాటించాయి. 2000 ఏప్రిల్‌లో సెనెగల్ రాజధాని డాకర్‌లో 164 దేశాలు 2015 గడువుగా 6 లక్ష్యాలను ఆమోదించాయి. శైశవ దశ సంరక్షణ, సార్వత్రిక ప్రాథమిక విద్య, యువత నైపుణ్యాలు, వయోజన అక్షరాస్యత, బాలబాలికల సమానత్వం, విద్యా నాణ్యత ఆ ఆరు అంశాలు.

2015 నాటికి వీటిలో చాలా భాగం అసంపూర్తిగానే మిగిలింది. ఆ ఏడాది మే నెలలో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ప్రపంచ విద్యా వేదిక 2030 వరకు కొత్త కార్యాచరణను ప్రకటించింది. అదే ఏడాది సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో నాలుగోది విద్యకు సంబంధించినది. దాని కింద 7 ఉపలక్ష్యాలు, 3 అమలు సాధనాలు ఉన్నాయి. బాలబాలికలందరూ ఉచితంగా, సమానంగా, నాణ్యంగా 12 ఏళ్ల పాఠశాల విద్యను పూర్తి చేయడం వీటిలో మొదటిది. దేశ స్థూల ఉత్పత్తిలో 4 నుంచి 6 శాతం గానీ, ప్రభుత్వ వ్యయంలో 15 నుంచి 20 శాతం గానీ విద్యకు కేటాయించాలని ఇంచియాన్ కార్యాచరణ సూచించింది.

ప్రపంచ స్థాయిలోనూ పరిస్థితి ఆశాజనకంగా లేదు. యునెస్కో 2024 నివేదిక ప్రకారం 25.1 కోట్ల మంది పిల్లలు, యువతీ యువకులు బడికి వెలుపల ఉన్నారు. ప్రపంచ జనాభాలో దాదాపు 40 శాతం మందికి తాము మాట్లాడే, అర్థం చేసుకునే భాషలో విద్య అందుబాటులో లేదని యునెస్కో అంచనా. ఈ కారణంగానే నాలుగో లక్ష్యం పర్యవేక్షణకు ఎంచుకున్న సూచికలలో భాషకూ చోటు కల్పించారు. మొదటి భాష లేదా ఇంటి భాష బోధనా మాధ్యమంగా ఉన్న విద్యార్థుల శాతం ఎంత అన్నది ఆ సూచిక. దీని సంఖ్య 4.5.2.

భారత్ నడిచిన దారి

స్వాతంత్ర్యానంతరం 1951 జనగణనలో దేశ అక్షరాస్యత 18.33 శాతం మాత్రమే. 14 ఏళ్ల వరకు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించేందుకు రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 45వ అధికరణ ఆదేశించింది. ఆ గడువు 1960లోనే ముగిసింది. విద్యపై స్థూల జాతీయోత్పత్తిలో 6 శాతం వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లో సూచించింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే 6 శాతాన్ని మళ్లీ లక్ష్యంగా పేర్కొన్నది.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు, 1994లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం, 1995లో మధ్యాహ్న భోజనం, 2001 నుంచి సర్వశిక్షా అభియాన్ వరుసగా అమలులోకి వచ్చాయి. బడులలో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కుగా మార్చింది. దానికి అనుగుణంగా రూపొందిన విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 2018లో ప్రీ ప్రైమరీ నుంచి 12వ తరగతి వరకు గల పథకాలను సమగ్ర శిక్ష కిందికి తెచ్చారు.

2020 జులైలో ప్రకటించిన జాతీయ విద్యా విధానం 2030 నాటికి ప్రీ ప్రైమరీ నుంచి సెకండరీ వరకు నూరు శాతం స్థూల నమోదును లక్ష్యంగా నిర్దేశించింది. వీలైన చోటల్లా కనీసం 5వ తరగతి వరకు, మేలైన పక్షంలో 8వ తరగతి వరకు, ఇంటి భాష లేదా మాతృభాష లేదా స్థానిక భాషలో బోధన జరగాలని అదే విధానం పేర్కొన్నది. 3వ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ పునాది అక్షరాస్యత, సంఖ్యా పరిజ్ఞానం కలిగించాలన్న ఉద్దేశంతో 2021 జులై 5న నిపుణ్ భారత్ ప్రారంభమైంది. దాని గడువు 2026-27 విద్యా సంవత్సరం.

అంకెలు చెబుతున్నది

కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం దేశంలో 14.71 లక్షల పాఠశాలలు, 24.69 కోట్ల మంది విద్యార్థులు ఉన్నారు. ఉపాధ్యాయుల సంఖ్య తొలిసారి కోటి దాటింది. బడి మానివేత రేటు 3 నుంచి 5వ తరగతి వరకు గల దశలో 2.3 శాతానికి, 6 నుంచి 8వ తరగతి దశలో 3.5 శాతానికి, సెకండరీ దశలో 8.2 శాతానికి తగ్గింది. అంతకు ముందు ఏడాది ఇవి వరుసగా 3.7, 5.2, 10.9 శాతంగా ఉన్నాయి.

అయితే అదే నివేదికలో మరో అంకె హెచ్చరికగా నిలుస్తుంది. సెకండరీ దశలో విద్యార్థుల నిలుపుదల రేటు 47.2 శాతమే. అంటే ఒకటో తరగతిలో అడుగుపెట్టిన పిల్లలలో సగానికి పైగా సెకండరీ చివరి వరకు కొనసాగడం లేదు. 12 ఏళ్ల పాఠశాల విద్యను పూర్తి చేయించాలన్న ప్రపంచ లక్ష్యానికి ఇది చాలా దూరం.

అభ్యసన ఫలితాల విషయానికి వస్తే, గ్రామీణ ప్రాంతాలలో నిర్వహించే అసర్ 2024 సర్వే 6 నుంచి 14 ఏళ్ల పిల్లలలో 98 శాతానికి పైగా బడిలో నమోదైనట్లు తేల్చింది. 2వ తరగతి పాఠాన్ని చదవగలిగిన 3వ తరగతి పిల్లలు మాత్రం 27.1 శాతం. 5వ తరగతికి వచ్చినా ఆ పాఠం చదవగలిగిన వారు 48.8 శాతం. 2022తో పోలిస్తే ఇది గణనీయమైన మెరుగుదలే. అయినా 5వ తరగతి పిల్లలలో సగం మంది మూడేళ్ల వెనుకటి పాఠం వద్దే ఆగిపోతున్నారన్న నిజం మిగిలే ఉంది.

2024 డిసెంబరు 4న జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పట్టణాలు, గ్రామాలు రెండింటినీ పరిశీలించింది. 3వ తరగతి పిల్లల సగటు భాషలో 64 శాతం, గణితంలో 60 శాతంగా నమోదైంది. 99 వరకు గల సంఖ్యలను ఆరోహణ, అవరోహణ క్రమంలో అమర్చగలిగిన వారు 55 శాతమే.

ఉన్నత విద్యలో 2021-22 నాటికి స్థూల నమోదు నిష్పత్తి 28.4 శాతం. దీన్ని 2035 నాటికి 50 శాతానికి చేర్చాలన్నది విధాన లక్ష్యం. ఏడేళ్లు పైబడిన వారి అక్షరాస్యత 2011 జనగణనలో 73 శాతం కాగా, 2023-24 శ్రామిక శక్తి సర్వే ప్రకారం 80.9 శాతం. నమోదు, భోజనం, భవనాలు, బాలికల హాజరు వంటి విషయాలలో దేశం చాలా ముందుకు వచ్చిందనడంలో సందేహం లేదు. ఇకపై అసలు పరీక్ష తరగతి గది లోపల జరిగే అభ్యసనంలో ఉంది.

ఖరిదా: రైలు పట్టాల వెంట చేరిన తెలుగు

ఖరగ్‌పూర్ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో, కోల్‌కతాకు నైరుతి దిశలో ఉంది. ఈ పట్టణానికి రూపం ఇచ్చింది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. హౌరా, నాగ్‌పూర్, మద్రాసు దిశల మార్గాలు కలిసే కూడలిగా, భారీ రైల్వే వర్క్‌షాపుకు స్థానంగా ఖరగ్‌పూర్ ఎదిగింది. వాల్తేరు నుంచి కటక్ వరకు గల తూర్పు తీర రైలు మార్గం 1902లో ఇదే సంస్థ చేతికి వచ్చింది. దానితో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారికి ఖరగ్‌పూర్ ఒకే రైలు దూరంలోని ఉపాధి కేంద్రమైంది. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మెన్‌గా, గుమాస్తాలుగా వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా, ఇంకా ఎన్నో భాషలు వినిపించే ఈ ఊరిని మినీ ఇండియాగా పిలుస్తారు.

తెలుగువారు ఇక్కడ కేవలం కూలికి వచ్చినవారు కారు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా సాగించిన పోరాటం భారత కార్మికోద్యమ చరిత్రలో ముఖ్య ఘట్టం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వం వహించిన వారిలో బరంపురంలో జన్మించిన వరాహగిరి వెంకటగిరి ఒకరు. ఆయనే 1969లో దేశ రాష్ట్రపతి అయ్యారు.

పట్టణంలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా నివసించే ప్రాంతాలలో ఖరిదా ఒకటి. ఖరగ్‌పూర్‌లోని ఆంధ్రా హైస్కూల్ పేరే ఇక్కడి తెలుగువారు తమ పిల్లల చదువుకు ఇచ్చిన ప్రాధాన్యాన్ని గుర్తు చేస్తుంది. మరోవైపు, దేశంలో తొలి ఐఐటీ 1951లో ఇదే పట్టణంలో, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైంది. ఉన్నత విద్యలో దేశానికి దారి చూపిన ఊరిలోనే పునాది విద్యలో ఇంటి భాష ప్రశ్న తేలకుండా ఉండటం గమనించదగినది.

పరిస్థితులు కూడా మారాయి. ఆగ్నేయ రైల్వేలో భాగంగా ఉన్న వాల్తేరు డివిజన్ 2003లో కొత్తగా ఏర్పడిన తూర్పు తీర రైల్వేలోకి వెళ్లింది. ఖరగ్‌పూర్, వాల్తేరు ఒకే జోన్‌లో ఉన్న కాలం దానితో ముగిసింది. ఒకే జోన్ పరిధిలో బదిలీలు, నియామకాల ద్వారా ఉత్తరాంధ్ర నుంచి కొత్త కుటుంబాలు వచ్చే వీలు తగ్గింది. ఇప్పుడు ఖరిదాలో పెరుగుతున్న పిల్లలు మూడో, నాలుగో తరం వారు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, ఫీజు చెల్లించే బడిలో ఆంగ్లం వారి దైనందిన అనుభవం. తెలుగు మాట్లాడడం వచ్చినా చదవడం రాని తరం ఏర్పడే ప్రమాదం ఇటువంటి చోట్లనే ఎక్కువ.

రాజ్యాంగం, చట్టం ఇచ్చిన హామీలు

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లల విద్యకు దేశంలో స్పష్టమైన రక్షణలు ఉన్నాయి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సమయంలో, 1956లో చేసిన 7వ సవరణ ద్వారా 350ఏ అధికరణ చేరింది. అల్పసంఖ్యాక భాషా వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రం, ప్రతి స్థానిక సంస్థ కృషి చేయాలని అది నిర్దేశిస్తుంది. ఈ రక్షణల అమలును పరిశీలించేందుకు 350బీ అధికరణ కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ పదవి 1957లో ఏర్పడింది. సొంత విద్యా సంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును 30వ అధికరణ ఇస్తున్నది.

దీనికి ముందే, 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యా మంత్రుల సమావేశం ఒక ఆచరణాత్మక కొలమానాన్ని ఆమోదించింది. ఒక పాఠశాలలో మొత్తం 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఒక అల్పసంఖ్యాక భాష మాట్లాడే పిల్లలు ఉంటే ఆ భాషలో బోధించేందుకు కనీసం ఒక ఉపాధ్యాయుడిని నియమించాలన్నది ఆ కొలమానం. ఇప్పటికీ భాషా అల్పసంఖ్యాకుల హక్కుల చర్చలో ఇదే ప్రాతిపదిక. పిల్లలు పది బడులకు చెదిరిపోతే ఎక్కడా ఈ సంఖ్య నిండదు. అలా నిండకపోవడం వల్ల ఉపాధ్యాయుడు రాడు. ఉపాధ్యాయుడు లేనందున తల్లిదండ్రులు మరో మాధ్యమాన్ని ఎంచుకుంటారు. పట్టణాలలోని అల్పసంఖ్యాక భాషా బడులు క్షీణించడానికి ఈ వలయం ముఖ్య కారణం.

విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా ఆచరణ సాధ్యమైనంత మేరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని చెబుతున్నది. అయితే మాతృభాషా మాధ్యమాన్ని బలవంతంగా రుద్దే అధికారం రాష్ట్రానికి లేదని, ఎంపిక హక్కు బిడ్డకు, బిడ్డ తరఫున తల్లిదండ్రులకు ఉంటుందని 2014 మే 6న కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. కాబట్టి ప్రభుత్వం చేయగలిగింది వసతి కల్పించి, దాన్ని ఎంచుకోదగినంత నాణ్యంగా నిలపడమే.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఖరగ్‌పూర్ పరిసరాలలోని తెలుగువారి చిరకాల కోరికను ఇది గుర్తించింది. అంతకు ముందే ఉర్దూ, హిందీ, ఒడియా, పంజాబీ, సంతాలీ వంటి భాషలకు ఆ రాష్ట్రంలో ఇటువంటి గుర్తింపు దక్కింది. అధికార భాష హోదా కార్యాలయాలలో దరఖాస్తులకు, ప్రకటనలకు ఉపకరిస్తుంది. తరగతి గదిలో దాని ప్రయోజనం కనిపించాలంటే ఉపాధ్యాయుల నియామకం, పాఠ్యపుస్తకాల సరఫరా, పరీక్షల నిర్వహణ దానికి తోడు కావాలి.

భాష దూరం అభ్యసనాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది

ఇంటి భాషకు భిన్నమైన భాషలో చదువు మొదలుపెట్టిన బిడ్డ ఏకకాలంలో రెండు పనులు చేయవలసి వస్తుంది. ఒకటి అక్షరాన్ని శబ్దంతో జతపరచడం. రెండోది ఆ శబ్దానికి అర్థం తెలుసుకోవడం. తెలుగు బిడ్డ తెలుగులో ‘పలక’ అన్న మాటను కూడబలుక్కుని చదివితే అర్థం దానంతట అదే స్ఫురిస్తుంది. తెలియని భాషలోని మాటను అంతే కష్టపడి చదివినా అది శబ్దంగానే మిగిలిపోతుంది. చదవడం రావడం లేదని ఉపాధ్యాయుడు భావించే చాలా సందర్భాలలో లోపం చదవడంలో కాదు, అర్థం తెలియకపోవడంలో ఉంటుంది.

గణితంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగులో 20 దాటిన తర్వాత సంఖ్యల పేర్లు క్రమపద్ధతిలో నడుస్తాయి. ఇరవై రెండు, ముప్పై రెండు, నలభై రెండు అన్నప్పుడు పదుల స్థానం, ఒకట్ల స్థానం మాటలోనే విడివిడిగా వినిపిస్తాయి. బెంగాలీలో 22ను బాయిశ్ అని, 32ను బత్రిశ్ అని అంటారు. హిందీలో అవి బాయీస్, బత్తీస్. ఈ భాషలలో 99 వరకు దాదాపు ప్రతి సంఖ్య పేరునూ విడిగా కంఠస్థం చేయాలి. ఆ భాషలు ఇంట్లో విని పెరిగిన బిడ్డకు ఇది కష్టం కాదు. ఖరిదాలోని తెలుగు బిడ్డ మాత్రం స్థాన విలువలను తెలుగులో సులువుగా గ్రహించే అవకాశాన్ని పోగొట్టుకుని, కొత్త పేర్లను గుర్తు పెట్టుకోవడంలోనే ఒకటో తరగతి కాలాన్ని వెచ్చిస్తుంది.

లిపిలోనూ తేడాలు ఉన్నాయి. తెలుగులో ఎ, ఏ లకు, ఒ, ఓ లకు వేర్వేరు అక్షరాలు ఉన్నాయి. బెంగాలీలో ఆ హ్రస్వ దీర్ఘ భేదానికి విడి అక్షరాలు లేవు. బెంగాలీలో మూడు శ, ష, స అక్షరాలూ చాలా మాటల్లో ఒకే శబ్దాన్ని ఇస్తాయి. తెలుగు నేర్చిన ఉపాధ్యాయుడికి ఈ తేడాలు తెలిస్తే పిల్లల తప్పులకు మూలం వెంటనే అర్థమవుతుంది. తెలియకపోతే అదే బిడ్డ మందబుద్ధిగా ముద్ర పడే ప్రమాదం ఉంది.

దీని అర్థం పిల్లలకు బెంగాలీ, హిందీ, ఆంగ్లం వద్దని కాదు. ఖరగ్‌పూర్‌లో జీవించే బిడ్డకు ఆ భాషలన్నీ అవసరమే. పునాది ఏ భాషలో పడాలి, మిగతా భాషలు ఏ క్రమంలో చేరాలి అన్నదే విచారించవలసిన అంశం.

సగటు అంకెలో మాయమయ్యే పిల్లలు

జాతీయ, రాష్ట్ర సర్వేలలో ఖరిదా పిల్లలు విడిగా కనిపించకపోవడానికి కారణాలు ఉన్నాయి. అసర్ గ్రామీణ సర్వే కనుక ఖరగ్‌పూర్ వంటి పట్టణం దాని పరిధిలోకి రాదు. పరఖ్ సర్వే ఫలితాలు జిల్లా, రాష్ట్ర స్థాయి సగటులుగా వెలువడతాయి. లక్షల మంది ఉన్న జిల్లాలో కొన్ని వేల మంది తెలుగు పిల్లల ఫలితం ఆ సగటును పెద్దగా మార్చదు. బడి మానివేత అంకెలు బాలురు, బాలికలు, సామాజిక వర్గాల వారీగా అందుబాటులో ఉంటాయి. ఇంటి భాష వారీగా ఉండవు.

ఇది ఖరగ్‌పూర్‌కే పరిమితమైన సమస్య కాదు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాలలో, మహారాష్ట్రలోని షోలాపూర్, భీవండీ నేత కార్మికుల పేటలలో, కర్ణాటకలోని బళ్లారి, కోలారు ప్రాంతాలలో తెలుగు పిల్లలు ఇదే స్థితిని ఎదుర్కొంటున్నారు. తమిళనాడులో 2006 చట్టం 1వ తరగతి నుంచి తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసినప్పుడు అక్కడి తెలుగు తదితర భాషల అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగును మాతృభాషగా పేర్కొన్నవారు 8.11 కోట్ల మంది. అంత పెద్ద భాషకే సొంత రాష్ట్రాల వెలుపల ఈ పరిస్థితి ఎదురైతే, లిపి, పాఠ్యపుస్తకం లేని చిన్న భాషల పిల్లల స్థితి ఊహించవచ్చు.

రానున్న ప్రాధాన్యాలు

భారతదేశం సుస్థిరాభివృద్ధి లక్ష్యాలపై 2017, 2020, 2025 సంవత్సరాలలో ఐక్యరాజ్యసమితికి స్వచ్ఛంద జాతీయ సమీక్షలు సమర్పించింది. తర్వాతి సమీక్షకూ, 2030 అనంతర ప్రణాళికకూ ఖరిదా వంటి చోట్ల అనుభవం ఆధారంగా కొన్ని ప్రాధాన్యాలను గుర్తించవచ్చు.

మొదటిది లెక్క. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో విద్యార్థి వారీ వివరాలు సేకరిస్తున్నారు. మాతృభాష కూడా ఆ వివరాలలో భాగమే. దానిని బోధనా మాధ్యమంతో పోల్చి, జిల్లాల వారీగా ప్రచురిస్తే 4.5.2 సూచికకు దేశం వద్ద నమ్మదగిన సమాధానం ఉంటుంది. ఖరిదాలో ఎంతమంది తెలుగు పిల్లలు ఏ మాధ్యమంలో చదువుతున్నారో, ఎన్నో తరగతిలో మానేస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.

రెండోది ఉపాధ్యాయులు. 40 మంది, 10 మంది అన్న పాత కొలమానాన్ని ఒక్కో బడికి కాకుండా వార్డుల సమూహానికి వర్తింపజేస్తే చెదిరిన పిల్లలకూ భాషా ఉపాధ్యాయుడు దొరుకుతాడు. ఒకే ఉపాధ్యాయుడు వారంలో వేర్వేరు రోజులు మూడు, నాలుగు బడులకు వెళ్లే ఏర్పాటు ఖర్చు తక్కువైనది. 2016 నాటి నియామకాలకు సంబంధించి 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో పశ్చిమ బెంగాల్‌లో 25 వేలకు పైగా ఉపాధ్యాయ, ఉపాధ్యాయేతర నియామకాలు రద్దయ్యాయి. ఖాళీల భర్తీ జరిగే సమయంలో అల్పసంఖ్యాక భాషల పోస్టులను విడిగా గుర్తించకపోతే అవి సాధారణ ఖాళీలలో కలిసిపోయే అవకాశం ఉంది.

మూడోది పుస్తకాలు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ముద్రిస్తున్నాయి. ఆంగ్ల మాధ్యమం కోరే తల్లిదండ్రులకూ, తెలుగు నిలవాలనుకునే పెద్దలకూ ఇవి ఒకే పుస్తకంలో సమాధానం ఇస్తాయి. పశ్చిమ బెంగాల్ పాఠ్య ప్రణాళికకు తగినట్లు వాటిలోని గణితం, పరిసరాల విజ్ఞానం పాఠాలను అనుసరించేందుకు రాష్ట్రాల మధ్య ఒప్పందం కుదిరితే కొత్తగా ముద్రణ భారం ఉండదు. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో ప్రకటించిన భారతీయ భాషా పుస్తక్ పథకం, దీక్షా వేదికలోని తెలుగు పాఠాలు దీనికి తోడ్పడతాయి.

నాలుగోది శైశవ దశ. పిల్లల భాష బలపడేది మూడు నుంచి ఆరేళ్ల మధ్యనే. ఖరిదా వంటి చోట్ల అంగన్‌వాడీలో తెలుగు తెలిసిన కార్యకర్త గానీ, సహాయకురాలు గానీ ఉంటే పాటలు, కథలు, లెక్కలు ఇంటి భాషలో మొదలై క్రమంగా బెంగాలీకి, ఆంగ్లానికి విస్తరిస్తాయి. బడి మాధ్యమం ఏదైనా ఈ పునాది వృథా కాదు.

ఐదోది పై చదువులకు దారి. ఇంటి భాషలో చదివితే ముందు దారి మూసుకుపోతుందన్న భయమే తల్లిదండ్రులను వెనక్కి లాగుతున్నది. భారతీయ భాషలను ఐచ్ఛిక బోధనా మాధ్యమంగా వినియోగించేందుకు సీబీఎస్ఈ 2023 జులైలో తన పాఠశాలలకు అనుమతి ఇచ్చింది. మాధ్యమం తెలుగు కానప్పటికీ 10వ తరగతి వరకు తెలుగును ఒక భాషగా చదివే వీలు నిరంతరంగా ఉంటేనే ఐదో తరగతిలో వేసిన పునాది నిలుస్తుంది.

ఆరోది వ్యయం. 6 శాతం అన్న మాట చెప్పి ఆరు దశాబ్దాలు కావస్తున్నది. నిధులు పెరిగినప్పుడు అవి తక్కువ సంఖ్యలో పిల్లలున్న భాషా బడులకు కూడా చేరేలా కేటాయింపు సూత్రాన్ని మార్చాలి. విద్యార్థుల సంఖ్యనే ప్రాతిపదికగా తీసుకుంటే చిన్న బడులు విలీనం పేరుతో మూతపడతాయి. భాషా అల్పసంఖ్యాక బడి మూతపడితే సమీపంలో దానికి ప్రత్యామ్నాయం ఉండదన్న విషయం విలీన నిర్ణయాలలో లెక్కకు రావాలి.

గడువుల దృష్ట్యా

నిపుణ్ భారత్ గడువు 2026-27తోనూ, ప్రపంచ లక్ష్యాల గడువు 2030తోనూ ముగుస్తాయి. 2026లో ఒకటో తరగతిలో చేరే బిడ్డ 2030 నాటికి ఐదో తరగతికి చేరుతుంది. మాతృభాషలో బోధన కనీసం ఐదో తరగతి వరకు ఉండాలని విధానం చెప్పిన కాలవ్యవధి కూడా సరిగ్గా అదే. ఆ బిడ్డకు ఒకటో తరగతిలో ఏ భాషలో అక్షరాభ్యాసం జరిగిందన్నదానిపైనే ఐదో తరగతిలో అర్థం చేసుకుంటూ చదవగలుగుతుందా లేదా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఖరిదాలో తెలుగు పిల్లల సంఖ్య దేశంలోని 24.69 కోట్ల మంది విద్యార్థులలో చాలా స్వల్పం. ఎవరినీ వెనుక విడవరాదన్నది సుస్థిరాభివృద్ధి లక్ష్యాల మూల సూత్రం. ఆ సూత్రాన్ని పాటించారో లేదో తేల్చేవి సగటున పెరిగిన శాతాలు కావు. ఇటువంటి చిన్న సమూహాల పిల్లలు ఎంతవరకు చదవగలుగుతున్నారన్నదే అందుకు ప్రమాణం. అందుకు కావలసిన చట్టం, విధానం, పుస్తకాలు దేశంలో ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చే పని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలతో పాటు ఖరగ్‌పూర్ పురపాలక సంఘం వంటి స్థానిక సంస్థల బాధ్యత కూడా. 350ఏ అధికరణ స్థానిక సంస్థలను ప్రత్యేకంగా పేర్కొన్నది అందుకే.